మ్యాగజైన్ పని మొదలుపెడుతున్న చెల్లికి

చిన్నీ,

మీ కాలేజీ మ్యాగజైన్ డిజైన్ నీకు అప్పగించారని పిన్ని చెప్పింది. చాలా సంతోషమేసింది. డిగ్రీలో ఆ పని చేసినదాన్ని గనక నాలుగు మాటలు రాయాలనిపించింది. సాఫ్ట్‌వేర్ నాకంటే నీకే బాగా వచ్చు, దాని జోలికి పెద్దగా పోను. ఆ పని నేర్పినవి ఇవాళ వ్యవసాయ శాఖ ఉద్యోగంలోనూ నాకు అక్కరకొస్తున్నాయి. వాటి గురించే రాస్తాను.

ముందు అన్నీ చదువు. ఫాంట్ ఎంచుకోకముందే, కవర్ మీద ఏ బొమ్మ వేద్దామా అని అనుకోకముందే, వచ్చిన ప్రతి రచననూ చివరిదాకా చదువు. డిజైన్‌లో సగం పని అక్కడే అయిపోతుంది. మీ తెలుగు లెక్చరర్ గారు సీసపద్యాలు ఇచ్చారనుకో. సీసపాదం పొడుగు, ఆరు ఇంద్రగణాలూ రెండు సూర్యగణాలూ ఉంటాయి. రెండు కాలమ్‌ల పేజీలో కుక్కితే పాదం ఎక్కడపడితే అక్కడ విరిగి పద్యం నడకే పోతుంది. దానికి పేజీ వెడల్పంతా ఇచ్చి, నాలుగు గణాల దగ్గర లైను విరిచి, కింద ఎత్తుగీతిని విడిగా కనపడనివ్వు. ఇది చదివితేనే తెలుస్తుంది, ఏ టెంప్లేటూ చెప్పదు.

వీలైతే తాతయ్య బీరువాలోని పాత చందమామలు తీసి చూడు. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు ఎలాగూ చూస్తావు. లోపలి పేజీలు ఇంకా నిదానంగా చూడు. కథలో ఏ సంగతి జరుగుతోందో దాని పక్కనే బొమ్మ ఉంటుంది. బొమ్మ వేసినవాళ్లూ పేజీ కట్టినవాళ్లూ కథ చదివారని తెలిసిపోతుంది. అంతకు మించిన పాఠం నాకు ఎక్కడా దొరకలేదు.

తెలుగు లైన్ల మధ్య చోటు ఇంగ్లిష్ లెక్కన పెట్టకు. మన అక్షరానికి పైన గుడీ ఏత్వమూ, కింద వత్తులూ ఉంటాయి. ‘రాష్ట్రం’ అన్న మాట కిందే ‘స్త్రీ’ వచ్చిందనుకో, పై లైను వత్తులు కింది లైను గుడికి తగులుతాయి. అక్షరం 12 పాయింట్లయితే లైనుకు 17, 18 అయినా ఇవ్వు. పేజీలు పెరుగుతాయని ఎవరైనా అంటే ఒక ఫొటో తగ్గించు, లైన్లను మాత్రం ఇరికించకు. ఇన్‌డిజైన్‌లో చేస్తుంటే వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకున్నావో లేదో చూసుకో, లేకపోతే వత్తులు విడిపోవచ్చు. యూనికోడ్‌లో వచ్చిన మేటర్‌ని ప్రెస్సులో అను ఫాంట్స్‌లోకి మారిస్తే మళ్లీ మొదటి అక్షరం నుంచి ప్రూఫు చూడాల్సిందే.

నేనిప్పుడు రైతులకు కరపత్రాలు వేయిస్తుంటాను. పురుగుమందు మోతాదులో ‘2’ ఒక లైను చివర, ‘మి.లీ.’ తర్వాతి లైను మొదట పడితే నాకు నిద్ర పట్టదు. పొలం గట్టున నిలబడి చదివే మనిషి తప్పు మోతాదు కలిపితే పంట పోతుంది. అంకెనూ కొలతనూ విడదీయకూడదన్న పట్టింపు నాకు కాలేజీ మ్యాగజైన్‌లో కబడ్డీ స్కోర్లు సర్దుతున్నప్పుడు మొదలైంది. అప్పుడది అందం కోసమే అనుకున్నాను.

ఫొటోల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఏ4 పేజీ వెడల్పు 210 మిల్లీమీటర్లు. అంగుళానికి 300 చుక్కల చొప్పున పేజీ నిండా బొమ్మ రావాలంటే దాదాపు 2,480 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో చిన్నదైపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమను. సెంటర్ పిన్ కొట్టే పుస్తకమైతే పేజీలు నాలుగు చొప్పున లెక్కకు రావాలి. తెల్లకాగితాలు మడిచి, అంకెలు వేసి డమ్మీ చేసుకో. అది పట్టుకుని ప్రెస్సుకు వెళ్లి, కటింగ్ చేసే ఆయన పక్కన కాసేపు నిలబడు. అంచుకు ఎంత దగ్గరగా అక్షరం పెట్టవచ్చో ఆయన చేత్తో చూపిస్తారు.

ఇంకొకటి, అన్నిటికంటే నాకు ముఖ్యమైనది. ఎవరి రచనైనా పేజీకి నాలుగు లైన్లు ఎక్కువైతే నువ్వే కొట్టేయకు. రాసినవాళ్ల దగ్గర కూర్చుని, ఏ నాలుగు లైన్లు తీద్దామని అడుగు. మొదటిసారి కథ రాసిన పిల్లకు ఆ పేజీ ఎంతో నీకు తెలుసు. గ్రూప్ ఫొటో కింద పేర్లు వేసేటప్పుడు చివర నిలబడ్డ అటెండర్ గారి పేరూ, ల్యాబ్‌లో పనిచేసే ఆమె పేరూ ఇంటిపేరుతో సహా వెయ్యి. ఆ పేరు ఎలా రాస్తారో వాళ్లనే అడుగు. ఆ పుస్తకం వాళ్ల ఇళ్లల్లో ఏళ్ల తరబడి ఉంటుంది.

చివరి ప్రూఫు స్క్రీన్ మీద చూడకు, ప్రింట్ తీసుకో. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు అసలు ప్రతిలో చూసుకుంటూ పోవాలి. మనిషి తక్కువైతే చెప్పు, ఆదివారం బస్సెక్కి వస్తాను.

ప్రేమతో,
అక్క