జొన్న జీనోమ్ చదవాలంటే లెక్కలు వదలొద్దు

పదో తరగతి ఫలితాలు రాగానే సూరత్ లింబాయత్‌లోని తెలుగు ఇళ్ళలో, సైన్సు తీసుకుంటానన్న పిల్లల ముందు నిలిచే ప్రశ్న ఒకటే. గుజరాత్ బోర్డులో ఏ గ్రూపా, బీ గ్రూపా? ఇంజినీరు కావాలంటే లెక్కలు, డాక్టరు కావాలంటే బయాలజీ. రెండూ చదివే ఏబీ గ్రూపు బరువని అందరూ అంటారు. బరువే. అయినా పంటల జీనోమిక్స్ వైపు మనసున్న విద్యార్థికి నేను గట్టిగా చెప్పేది ఆ ఏబీ గ్రూపే. ఎందుకో తెలియాలంటే అక్కడ జరిగే పనేమిటో చూడాలి.

జీనోమ్ అంటే ఒక జీవి డీఎన్‌ఏ మొత్తం. నాలుగే అక్షరాలతో రాసిన చాలా పొడవైన వరుస అది. వరిలో సుమారు 39 కోట్ల అక్షరాలు, జొన్నలో 73 కోట్లు. గోధుమలో దాదాపు 1,600 కోట్లు, అంటే మనిషికి ఉన్నవాటికి ఐదింతలు. ఈ వరుసను ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కసారిగా చదివే యంత్రం లేదు. ఇల్యూమినా యంత్రాలు 150 అక్షరాల చొప్పున ముక్కలుగా చదివి ఇస్తాయి. ఆ కోట్ల ముక్కల్లో దేని పక్కన ఏదో కంప్యూటరు మీద తేల్చడాన్నే అసెంబ్లీ అంటారు.

అసలు చిక్కు అక్కడే. ధాన్యపు పంటల్లో అవే వరుసలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. గోధుమలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా అవే. సాంచా మీద నేసిన చీరను పేలికలుగా చింపి, మళ్ళీ అతకమన్నారనుకోండి. ఒళ్ళంతా ఒకే బుటా అయితే, బుటా కన్నా చిన్న పేలిక ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. అంచో కొంగో కలిసొచ్చేంత పెద్ద ముక్క దొరికితే చోటు తెలిసిపోతుంది. పాక్‌బయో హైఫై పద్ధతి ఇచ్చే 15 వేల అక్షరాల ముక్కలు, నానోపోర్ ఇచ్చే లక్ష అక్షరాలు దాటిన ముక్కలు ఈ పని రూపురేఖలు మార్చింది అందుకే. ముక్కలు అతికే ప్రోగ్రాముల వెనక ఉన్నదంతా గ్రాఫులు, సంభావ్యత, అల్గారిథమ్‌లు. పదకొండులో లెక్కలు వదిలేసినవాళ్ళు ఎమ్మెస్సీలో ఇక్కడే ఇబ్బంది పడతారు.

వరి జీనోమ్ 2005లో పూర్తయింది. పది దేశాలు పంచుకున్న ఆ పనిలో 11వ క్రోమోజోములో ఒక భాగం మన దేశం చేసింది. జొన్న 2009లో వచ్చింది. గోధుమకు 13 ఏళ్ళు పట్టి 2018లో ముగిసింది. అందులో 2ఏ క్రోమోజోము బాధ్యత భారత్‌ది. సజ్జ జీనోమ్‌ను 2017లో వెలువరించిన అంతర్జాతీయ బృందంలో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌ది ముఖ్యపాత్ర.

చదివితే ఏమొస్తుందని అమ్మానాన్నలు అడుగుతారు, అడగాలి కూడా. మన ఇళ్ళలో వండే సాంబ మసూరి బాపట్లలో పుట్టిన రకం. దానికి ఎండాకు తెగులు పెద్ద శత్రువు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులను డీఎన్‌ఏ గుర్తుల సాయంతో అందులోకి తెచ్చాయి. ఆ మెరుగైన రకం 2008లో విడుదలైంది. అదే సాంబ మసూరిలో ఒక జన్యువును సవరించి తయారుచేసిన ‘కమల’ను 2025 మేలో ప్రకటించారు. ఏ జన్యువు ఎక్కడుందో చెప్పే జీనోమ్ చేతిలో లేకపోతే ఆ సవరణకు దారే లేదు.

సూరత్‌లో ఉండగా ఈ చదువు దూరమని అనుకోవద్దు. చలికాలంలో ఊరంతా ఇష్టంగా తినే పోంక్ లేత జొన్న గింజలే. జొన్న మీద పనిచేసే నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం, అదే విశ్వవిద్యాలయపు బయోటెక్నాలజీ సంస్థ రెండూ ఊళ్ళోనే అఠ్వా ఫార్మ్‌లో ఉన్నాయి. పన్నెండు తర్వాత మొదట కనుక్కోవలసింది అక్కడే. ప్రవేశాలకు గుజ్‌సెట్ పరీక్ష మార్కులు కూడా చూస్తారు కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అగ్రికల్చర్ సీటు రాకపోతే బీఎస్సీ బయోటెక్నాలజీ, లేదా కంప్యూటర్ సైన్స్ చదివి ఇటు రావచ్చు. కంప్యూటర్ వైపు నుంచి వచ్చేవాళ్ళు మొక్కల జన్యుశాస్త్రం విడిగా నేర్చుకోక తప్పదు.

డిగ్రీతోనే స్థిరమైన ఉద్యోగం వస్తుందని మాత్రం చెప్పలేను. ఎమ్మెస్సీ దాకా వెళ్ళాలి. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సాయంతో నడిచే కోర్సులకు గాట్-బి ప్రవేశ పరీక్ష రాయాలి. తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకు రూ.37,000, ఆపైన ఇంటద్దె భత్యం. పీహెచ్‌డీ చేస్తూనే ఇంటికి కొంత పంపవచ్చు. పరిశోధన సంస్థల్లో ప్రాజెక్టు ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టువే. ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పండి. విత్తన కంపెనీలు, సీక్వెన్సింగ్ సంస్థలు రెండో దారి. పొలమూ ప్రోగ్రామింగూ రెండూ తెలిసినవాళ్ళ విలువ అక్కడ ఎక్కువ.

డిగ్రీ మొదటి ఏడాదిలోనే లైనక్స్, పైథాన్ మొదలుపెట్టండి. వరి జీనోమ్ ఫైలు 400 ఎంబీ లోపే, ఎన్‌సీబీఐ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. అసెంబ్లీ సాధనకు మాత్రం ముందు ఈస్ట్ తీసుకోండి, 1.2 కోట్ల అక్షరాలే కనుక మామూలు లాప్‌టాప్ సరిపోతుంది. మీరు అతికిన వరుసను అందరూ వాడే వరుసతో పోల్చి, ఎక్కడ తేడా వచ్చిందో, ఎందుకు వచ్చిందో రెండు పేజీలు రాసి, ప్రోగ్రాముతో పాటు గిట్‌హబ్‌లో పెట్టండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం పరిశోధకులకు ఈమెయిల్ రాసేటప్పుడు మార్కుల పట్టికతో పాటు ఆ లింకు పంపండి.