క్లచ్చు అరిగినదా? రైతులు స్వయముగా తెలిసికొను విధము

మేడ్చల్ వైపు రైతులు 44వ జాతీయ రహదారి మీదుగాను, శామీర్‌పేట వైపువారు రాజీవ్ రహదారి మీదుగాను తెల్లవారక మునుపే బోయినపల్లి మార్కెట్టుకు కూరగాయలు చేర్చుచుందురు. దారిలో క్లచ్చు చెడి బండి నిలిచినచో ఆకుకూర వాడును, ధర పడిపోవును, బండిని లాగించు ఖర్చు మీదపడును. కావున క్లచ్చు అరుగుదలను ముందుగా కనిపెట్టుట సభ్యులందరకు అవసరము.

ఇంజను వెనుక తిరుగు బరువైన చక్రమును ఫ్లైవీలు అందురు. దానికిని ప్రెషరు ప్లేటునకును నడుమ క్లచ్చు ప్లేటు బిగిసియుండును. ఇంజను బలము ఈ బిగువు వలననే గేరు పెట్టెకు చేరుచున్నది. పెడలు నొక్కినపుడు బిగువు వదలును. ప్లేటు పైపూత అరిగినచో బిగువు చాలక ప్లేటు జారును.

జారుటకు గుర్తులివి. బరువుతో ఎత్తు ఎక్కునపుడు ఇంజను రొద హెచ్చును గాని బండి వేగము హెచ్చదు. కాలిన వాసన వచ్చును. పెడలును చాలవరకు పైకి వదలినగాని బండి కదలదు.

సందేహము తీరుటకు ఇట్లు పరీక్షింపవలెను. ఎదుట ఎవరును లేని సమతల స్థలమున బండిని నిలిపి, చేతి బ్రేకు గట్టిగా వేసి, కాలి బ్రేకును కూడ నొక్కియుంచి, మూడవ గేరులో క్లచ్చును మెల్లగా వదలవలెను. ఇంజను వెంటనే ఆగిపోయినచో క్లచ్చు పట్టుచున్నదని యర్థము. ఆగక తిరుగుచునే యున్నచో జారుచున్నది. ఈ పరీక్షను పదేపదే చేయరాదు, ప్లేటు కాలిపోవును.

అయితే జారిన ప్రతి క్లచ్చును అరిగినది కాదు. మా సభ్యులలో ఒకరు క్లచ్చంతయు మార్పింపవలెనని ఒక మరమ్మతుదారుడు చెప్పగా, అప్పు కొరకు సంఘమునకు వచ్చిరి. అది తీగతో పనిచేయు క్లచ్చు. మేము పెడలును చేతితో నొక్కి చూడగా, మొదట ఉండవలసిన కొద్దిపాటి వదులు లేదు. తీగను సరిచేయించిన పిదప జారుట మానినది. అప్పుపత్రము వ్రాయకయే వారు ఇంటికి మరలిరి. ఈ వదులెంత యుండవలెనో బండితో ఇచ్చిన పుస్తకమున చూడవలెను. ఇంజను వెనుకనుండి నూనె కారి ప్లేటుపై పడినను క్లచ్చు జారును. అట్టిచో కారుటను ఆపక ప్లేటు మార్చుట వృథా.

పెడలు పూర్తిగా నొక్కినను గేరు గరగరలాడుచు పడుట వేరు దోషము. అచట బిగువు చక్కగా వదలుట లేదు. పెడలు నొక్కినపుడు మాత్రమే వినవచ్చు కీచురొద సాధారణముగా రిలీజు బేరింగుది.

ప్లేటు నిజముగా అరిగినచో ప్రెషరు ప్లేటును, రిలీజు బేరింగును కూడ అప్పుడే మార్చుట లాభము. గేరు పెట్టె దింపు కూలి ఒక్కసారితో పోవును. ఫ్లైవీలుపై పగుళ్లు, నీలిమచ్చలు ఉన్నవేమో చూపించుకొనవలెను. లోపలి ధూళిని ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను. పాత ప్లేట్లలో ఊపిరితిత్తులకు హానిచేయు ఆస్బెస్టాసు ఉండవచ్చును.

పెడలుపై కాలు ఆన్చి నడుపుట, ఎత్తున బ్రేకు వేయక సగము క్లచ్చుతో బండిని నిలుపుట, మితిమించి బరువు వేయుట, ఈ మూడును మానినచో ప్లేటు చిరకాలము మన్నును. సభ్యులు తమ బండ్లను, ట్రాక్టర్లను పంట కోతకు ముందే పరీక్షించుకొందురుగాక యని కోరుచున్నాము.