హారం అడగడం మానకు

చిరంజీవి బుజ్జికి,

 

నీ మెయిల్‌ని వీధి చివర జిరాక్స్ కుర్రాడి చేత ప్రింటు తీయించుకుని చదివాను. తెర మీద చదివితే నాకు బుర్రకెక్కదని నీకు తెలుసుగా. ఫస్టియర్ పిల్లల ఒక్కొక్కరి పేరు పక్కన ఆకుపచ్చో పసుపో ఎరుపో చూపించే డాష్‌బోర్డు తయారుచేశావనీ, రెండో మిడ్ జరక్కముందే ఎవరు తప్పుతారో అది చెప్పేస్తోందనీ, చైర్మన్‌గారు మీటింగులో నీ పేరెత్తి మెచ్చుకున్నారనీ రాశావు. మీ అత్తయ్యకు చదివి వినిపించాను. ముందు మురిసిపోయింది, తర్వాత నసిగింది. మీ కాలేజీలో పనిచేసే ఒకాయన తల్లి గుళ్లో కలిసిందట. "ఎర్రరంగు పడ్డ పిల్లల తల్లిదండ్రుల్ని పిలిపించి, సెకండియర్ మొదలవకముందే టీసీ పట్టుకుపొమ్మంటారట" అందట. పుకారే అయ్యుండొచ్చు. కానీ నిజమైతే ఆ జాబితా నీ చేతిమీదుగానే పోవాలి కదమ్మా. అందుకే ఈ ఉత్తరం.

లెక్కలంటే కిట్టని ముసలాడి గొణుగుడు అనుకోకు. బతుకంతా స్టాటిస్టిక్స్ చెప్పి బతికినవాణ్ని. సి.ఆర్. రావుగారు చదివిన వాల్తేరు యూనివర్సిటీలోనే మేమూ చదువుతున్నామని కాలరెగరేసుకు తిరిగినవాణ్ని. కాలేజీలు అంచనాల మీద కాకుండా అంకెల మీద నిర్ణయాలు తీసుకుంటే నాకంటే సంతోషించేవాడు ఉండడు. నా పేచీ అంతా హారంతోనే. నువ్వు ఏ శాతం చూసినా, ఎవరు చూపించినా, ముందు ఒక్కటి అడుగు: కింద ఉన్న అంకెలో ఎవరెవరున్నారు? ఎవర్ని తీసేశారు?

వాల్తేరు హాస్టల్లో మా మెస్ మేనేజరు ఒక ఫిర్యాదుల పుస్తకం పెట్టాడు. మొదటి నెల అది బండబూతులతో నిండిపోయింది. సాంబారు గురించి మావాడొకడు ఆశువుగా పద్యమే చెప్పాడు. సంక్రాంతి వెళ్లేసరికి పుస్తకం ఖాళీ. మేనేజరు దాన్ని వార్డెన్‌గారికి చూపించి, భోజనం బాగుపడిందని శభాష్ అనిపించుకున్నాడు. తీరా చూస్తే, ఫిర్యాదు రాసేవాళ్లంతా చినవాల్తేరులో ఒక పెద్దావిడ ఇంట్లో నెలవారీ భోజనానికి మారిపోయారు. పుస్తకంలో రాయడానికి మిగిలింది, ఏం పెట్టినా తినేవాళ్లే. ఆవిడ పెట్టిన కందిపొడి రుచి నా నాలుక మీద ఇంకా ఉంది, అది వేరే సంగతి.

మీ కాలేజీలకొచ్చే ర్యాంకుల్లోనూ ఇదే తంతు. కేంద్రం 2015లో మొదలుపెట్టి 2016లో తొలి జాబితా ఇచ్చిన ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో, ఫస్టియర్లో ఎందరు చేరారు, ల్యాటరల్ ఎంట్రీలో ఎందరొచ్చారు, నిర్ణీత కాలంలో ఎందరు పట్టా పొందారు, ఉద్యోగాలు ఎందరికి, జీతాల మధ్యగతం ఎంత అని వేర్వేరు గళ్లు పెట్టారు. మంచి పనే. కానీ రోడ్డు పక్క హోర్డింగు మీదికి వచ్చేసరికి ఈ గళ్లన్నీ పోయి ఒకటే శాతం మిగులుతుంది. ఒక సెక్షన్లో 60 మంది చేరారనుకో. పదిమంది మధ్యలో మానేశారు. ఈసెట్ రాసి డిప్లొమా పిల్లలు ఎనిమిదిమంది సెకండియర్లోకి వచ్చారు. చివరికి 58 మంది పాసయ్యారు. చూసేవాడికి జారిపోయింది ఇద్దరే. నిజంగా పోయింది పదిమంది. వాళ్ల ఫీజు బాకీ ఏమైందో, ఇప్పుడు ఏ షాపులో బిల్లులు కొడుతున్నారో ఆ 58లో ఎక్కడా కనపడదు. ప్లేస్‌మెంట్ శాతం అయితే మరీ విడ్డూరం. బ్యాక్‌లాగులు ఉన్నవాళ్లను తీసెయ్యి, పేరు నమోదు చేసుకోనివాళ్లను తీసెయ్యి, మిగిలినవాళ్లలో ఎంతమందికి వచ్చాయో చెప్పు! అలా తీసేసుకుంటూ పోతే ఏ కాలేజీకైనా నూటికి నూరూ వస్తాయి.

మీ అత్తయ్య విన్న పుకారులాంటిదే అమెరికాలో నిజంగానే జరిగింది. మేరీలాండ్‌లో మౌంట్ సెయింట్ మేరీస్ అని ఒక చిన్న యూనివర్సిటీ. దాని అధ్యక్షుడు సైమన్ న్యూమన్ ఆర్థిక వ్యాపారాల్లోంచి వచ్చినవాడు. కొత్తగా చేరిన పిల్లలకు, తమ గురించి తాము తెలుసుకోవడానికని చెప్పి ఒక సర్వే ఇచ్చారు. ఆ జవాబులతో చదువు మానేసేలా ఉన్నవాళ్లెవరో పసిగట్టి, సెప్టెంబరు 25 లోపల పంపించేయాలని ఆయన ఆలోచన. ఎందుకా తేదీ అంటే, ప్రభుత్వానికి పంపే విద్యార్థుల లెక్క అప్పుడు ఖరారవుతుంది. ఇరవై, పాతికమంది ముందే వెళ్లిపోతే, నిలిచినవాళ్ల శాతం నాలుగైదు పాయింట్లు పెరుగుతుందని లెక్క వేశాడు. కింది ఉద్యోగులు జాబితా ఇవ్వకుండా గడువు దాటించారు. 2016 జనవరిలో ఆ కాలేజీ పిల్లల పత్రిక, మౌంటెన్ ఎకో, ఇదంతా బయటపెట్టింది. ఇద్దరు అధ్యాపకుల్ని తీసేసి మళ్లీ తీసుకున్నారు. ఫిబ్రవరి ఆఖరుకి అధ్యక్షుడే రాజీనామా చేశాడు. ఒక్క పిల్లాడికీ అదనంగా పాఠం చెప్పకుండా శాతం పెంచాలనుకున్నాడు చూశావా. హారాన్ని కోస్తే చాలుననుకున్నాడు. జాబితా ఇవ్వని ఆ ఉద్యోగుల్ని తలుచుకుంటే నువ్వే గుర్తొచ్చావు.

మరీ దంచుతున్నానా? నీకు ఐదేళ్లప్పుడు మా పెరట్లో చింతగింజలు పోసుకుని, పుచ్చుగింజల్ని కూడా వదలకుండా లెక్కపెట్టేదానివి. అవి పనికిరావే అంటే, "అవి కూడా మనవే కదా మామయ్యా" అనేదానివి. మీ అమ్మ ఇప్పటికీ చెబుతుంది. వేళకి తింటున్నావా? మెయిల్ వచ్చిన టైము చూశాను, రాత్రి రెండు దాటింది. అది మంచిది కాదు.

సరే, మా కాలేజీ సంగతి ఒకటి చెబుతాను, నీకు ఎప్పుడూ చెప్పలేదు. బీకాం రెండో సంవత్సరంలో ఆడపిల్లలకు హాజరు తగ్గిపోతోందని, 75 శాతం లేనివాళ్లను పరీక్షకు పంపనని ప్రిన్సిపాల్‌గారు పట్టుబట్టారు. నేనూ అటెండరు మస్తానూ సాయంత్రాలు స్టాఫ్‌రూములో కూర్చుని రిజిస్టర్లన్నీ గళ్ల కాగితం మీదికి ఎక్కించాం. తేదీల వారీగా కాదు, పీరియడ్ల వారీగా, పిల్లల ఊళ్ల వారీగా. గైర్హాజరంతా ఫస్ట్ అవర్‌లోనే ఉంది. అదీ డ్రెయిన్ అవతలి ఊళ్లవాళ్లదే. వాళ్ల మొదటి బస్సు కాలేజీ గంట కొట్టాక వచ్చేది. ఇక్కడే మస్తాను ఒక మాటన్నాడు: "మాస్టారూ, ఎర్రసిరాతో కొట్టేసిన పేర్లు కూడా రాయండి. ఆళ్లూ ఆ బస్సోళ్లే." రాస్తే, మానేసినవాళ్లలో చాలామంది నిజంగా ఆ బస్సువాళ్లే. కొట్టేసిన పేర్లు వదిలేస్తే అసలు కథే దొరికేది కాదు. ఆర్టీసీవాళ్లు బస్సు మార్చలేదు. ప్రిన్సిపాల్‌గారే ఫస్ట్ అవర్‌ని లైబ్రరీ అవర్‌గా మార్చి, పాఠాలు వెనక్కి జరిపారు. మస్తాను ఎస్సెస్సెల్సీ తప్పినవాడు. నాకు తెలిసిన స్టాటిస్టిషియన్లలో అతన్ని కూడా లెక్కేస్తాను.

మీ అన్నయ్య ఉండే అట్లాంటాలోనే జార్జియా స్టేట్ యూనివర్సిటీ ఉంది, దాని గురించి చదువు. 2003 నాటికి అక్కడ చేరినవాళ్లలో ఆరేళ్లలోపు పట్టా పొందేది నూటికి 32 మందే. 2012 నుంచి ఒక్కొక్క విద్యార్థి మీద 800 రకాల సూచనలు గమనిస్తూ, ఎవరైనా దారి తప్పుతున్నారనిపిస్తే సలహాదారుని అప్రమత్తం చేసే పద్ధతి పెట్టారు. ఊరికే సాఫ్ట్‌వేర్ కొని ఊరుకోలేదు. సలహాదారులకు తలకు 700 మంది విద్యార్థులు ఉండేవారు, ఇంకొంతమందిని ఉద్యోగంలోకి తీసుకుని 300కి తెచ్చారు. ఇంకో ముచ్చట చూడు. మార్కులన్నీ బాగానే ఉన్న పిల్లలు ఆఖరి సెమిస్టర్లలో పేరు కొట్టేయించుకోవడం గమనించి కారణం వెతికితే, ఫీజులో కొన్ని వందల డాలర్ల బాకీ! 2011 నుంచి అలాంటివాళ్లకు చిన్న గ్రాంటులిచ్చి నిలబెట్టారు. పిల్లాడి తలకాయలో లోపం లేదు, జేబులో ఉంది. మనవైపు ఫీజు రీయింబర్స్‌మెంటు ఆలస్యమైతే ఎన్ని ఇళ్లల్లో ఏం జరుగుతుందో నీకు నేను చెప్పాలా? నీ డాష్‌బోర్డులో మార్కులున్నాయి, హాజరుంది. ఫీజు బాకీ గడి ఉందా? అకౌంట్స్ సెక్షన్‌వాళ్లు ఇవ్వలేదన్నావు, ఇంకోసారి అడుగు. అది ఇస్తే నీ ఎరుపుల్లో కొన్ని వేరే రంగుకి మారతాయి.

రంగులు బాగా పనిచేశాయని ఏడాదాఖరున ఎవరైనా సంబరపడితే కూడా చూసుకో. పర్డ్యూ యూనివర్సిటీ ట్రాఫిక్ లైట్ల రంగులతో కోర్స్ సిగ్నల్స్ అని ఒకటి నడిపింది. అవి ఉన్న కోర్సులు ఎక్కువ చదివినవాళ్లు కాలేజీలో ఎక్కువమంది నిలిచారని చాటారు. 2013లో విమర్శకులు, నిలిచినవాళ్లే కదా ఎక్కువ కోర్సులు చదివేది అని అడిగారు. ఆల్‌ఫ్రెడ్ ఎస్సా అనే ఆయన, రంగుల బదులు చాక్లెట్లు పంచినా ఇదే ఫలితం వస్తుందని లెక్కగట్టి చూపించాడు. ఇంకోటి, నీ పట్టికలో రిజర్వేషన్ కేటగిరీ, తెలుగు మీడియం గళ్లు ఉంటే తీసెయ్యి. అమెరికాలో కొన్ని యూనివర్సిటీలు జాతిని కూడా లెక్కలో కలిపి నల్లపిల్లలకు ఎక్కువ ముప్పు చూపిస్తున్నాయని ది మార్కప్ పత్రిక 2021లో రాసింది. పిల్లాడు మార్చుకోలేని దాన్ని చూసి పిల్లాడికి ఎరుపు వేయడం ఏం న్యాయం?

నువ్వు ఉద్యోగం వదిలెయ్యాలనడం లేదు. మీ నాన్న బ్యాంకు లోను సంగతి నాకు తెలుసు. చైర్మన్‌గారితో వాదన పెట్టుకోవద్దు కూడా. పైవారం మీటింగులో ఒకటే మాట అడుగు: ఎర్రరంగు పడ్డ పిల్లాడి దగ్గరికి ఎవరు వెళ్తారు, ఎన్ని రోజుల్లో? ఆ పేరు డాష్‌బోర్డులోనే రాయించు. ఎరుపు కాలేజీకి పని చెప్పాలి, పిల్లాడికి టీసీ కాదు. పుకారే నిజమని తేలితే జాబితా ఇవ్వకముందు నాకు ఫోన్ చెయ్యి, ఏ వేళప్పుడైనా సరే.

ఇట్లు,
మీ మామయ్య

తా.క.: ఈసెట్ పిల్లల్ని వేరే గడిలో లెక్కపెట్టు. మానేసినవాళ్ల పేర్లు తుడిచెయ్యకు, ఏ నెలలో వెళ్లారో, ఎందుకు వెళ్లారో రాయించు.