పిట్టల లెక్క, పురుగుల లెక్క

కాకినాడ చేరువలోని కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది. ఆ మడ అడవి అంచున సేద్యం చేసే రైతు సోదరులు వేసవిలో ఒక నోటుపుస్తకం పెట్టుకుంటే మంచిది. తేదీ, వేళ, చోటు, రకం, ఎన్ని - ఈ ఐదూ రాయండి. పొద్దున్నే కొంగలు, లకుముకి పిట్టలు, కాలువల్లో నీటికుక్కలు చూసి లెక్కించండి. గూళ్ల జోలికి పోవద్దు. అడవి లోపలికి అనుమతి తీసుకునే వెళ్లండి.

చీకటి రాత్రుల్లో గట్టు మీద దీపం వెనుక తెల్లగుడ్డ కట్టి, గంటసేపు వాలిన రెక్కల పురుగులను లెక్కపెట్టండి. పసుపు ముందురెక్కలపై ఒక్కో నల్లచుక్క ఉంటే అది వరి కాండం తొలుచు పురుగులో ఆడది. నారుమడి వేళకు ఇవి పెరిగితే, నాట్లకు ముందు నారు కొసలు తుంచి గుడ్లతో సహా నాశనం చేయాలి. లెక్క చూడకుండా మందు కొడితే డబ్బు దండగ. పైగా ఆ నీరు కాలువలో కలిస్తే చేపా రొయ్యా చస్తాయి, వాటిని నమ్ముకున్న కొంగా నీటికుక్కా పస్తుంటాయి.