అమ్మడికి ఒక కరెంటు లెక్క

విశాఖపట్నం

చిరంజీవి అమ్మడికి,

నీ ప్రమోషన్ సంగతి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. దాని గొంతులో గర్వం ఎంత ఉందో, నీ నిద్ర గురించి బెంగా అంతే ఉంది. ఇకనుంచి కంపెనీ క్లౌడ్ పనంతా నీ టీమే చూసుకుంటుందట. చాలా సంతోషం తల్లీ. ముందు వేళకు తిను. అర్ధరాత్రి అలర్ట్ వస్తే లేవాల్సిందే, కాదనను. మర్నాడు కాస్త ఆలస్యంగా లాగిన్ అయితే మాత్రం కొంపలేం మునిగిపోవు.

ఇక్కడ అందరం కులాసా. మీ అత్తయ్య మోకాలి నొప్పి తగ్గింది. ఊళ్లో ఎవరిని కదిపినా డేటా సెంటర్ కబుర్లే. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని, గిగావాట్ స్థాయి ఏఐ హబ్ కడతామని ప్రకటించినప్పటి నుంచీ ఇదే వరస. ఒకరు భూముల ధరలంటారు, ఇంకొకరు ఉద్యోగాలంటారు. నేను మాత్రం కాగితం తీసుకుని లెక్క వేశాను. ఒక గిగావాట్ లోడు ఏడాది పొడుగునా నిండుగా నడిస్తే 876 కోట్ల యూనిట్లు. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ స్టేషన్ నువ్వు చూసిందే కదా. దాని మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు. అందులో సరిగ్గా సగం ఈ ఒక్క లోడుకే కావాలి.

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వొక మాట అన్నావు. ‘సర్వర్లు మన దగ్గర లేవు కదా మావయ్యా, కరెంటు సంగతి వాళ్లే చూసుకుంటారు’ అని. పండగపూట ఎందుకులే అని ఊరుకున్నాను గానీ ఆ మాట నాకు నచ్చలేదు. సర్వరు ఎవరి గదిలో ఉన్నా, దాని మీద లోడు పెట్టేది నువ్వు. ఎన్ని యంత్రాలు నడవాలో, ఎంతసేపు నడవాలో రాసేది నీ చెయ్యి. కోప్పడ్డానని మొహం ముడుచుకోకు. చేతిలో పని ఉన్నవాళ్లకే చెబుతాం ఎవరైనా.

నేను లోడ్ డిస్పాచ్‌లో పనిచేసిన రోజుల్లో మా కళ్లన్నీ ఒక్క అంకె మీదే ఉండేవి. ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు లోడు ఒక్కసారిగా ఎక్కేది, ఆ అంకె కిందికి జారేది. అప్పుడు ఏదో ఒక ఫీడరు తీసెయ్యక తప్పదు. తీసేసిన ఫీడరు కింద ఏ పల్లెలున్నాయో మాకు తెలుసు. పరీక్షలకు చదువుకునే పిల్లలుంటారని తెలుసు. అందుకే ఒక యూనిట్ ఊరికే పోతోందంటే నాకు ఇప్పటికీ ప్రాణం ఊరుకోదు. అది ఎవరో ఒకరికి దక్కకుండా పోయిన యూనిట్.

అలాగని క్లౌడ్‌ని తిట్టిపోసేవాళ్లలో నేను లేను. ప్రతి ఆఫీసూ మూలగదిలో నాలుగు సర్వర్లు పెట్టుకుని, ఏసీ గడ్డకట్టేలా తిప్పిన కాలం చూశాను. ఆ సర్వర్లు చేసే పని తక్కువ, తాగే కరెంటు ఎక్కువ. నిజానికి వాటికంత చలి అక్కర్లేదు. సర్వరుకు అందే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలని ఏసీ ఇంజినీర్ల సంస్థ ఆష్రే ప్రమాణాలే చెబుతాయి. పెద్ద డేటా సెంటర్లు ఈ వృథాను బాగా తగ్గించాయి. మీవాళ్లు పీయూఈ అంటారే, కంప్యూటరుకు ఒక యూనిట్ అందాలంటే మొత్తం భవనం ఎన్ని యూనిట్లు తీసుకుంటుందన్న లెక్క, అది 2007 ప్రాంతంలో సగటున 2.5 ఉండేది. ఇప్పుడు గూగుల్ సొంత డేటా సెంటర్లలో సగటు 1.1 దగ్గరుంది. 2010 నుంచి 2018 దాకా ప్రపంచంలో డేటా సెంటర్లు చేసిన పని ఆరు రెట్లకు పైగా పెరిగితే, వాటి కరెంటు వాడకం 6 శాతమే పెరిగిందని 2020లో ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఇది ఇంజినీర్లు సాధించిన ఘనతే. నీ వృత్తిని చూసి నువ్వు గర్వపడు.

కానీ అక్కడితో ఆగిపోకు. పొదుపు చేసే యంత్రం వచ్చిందంటే వాడకం తగ్గుతుందనుకుంటాం. ఇంగ్లండులో బొగ్గు లెక్కలు చూసి ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే చెప్పాడు, ఇంజన్లు మెరుగయ్యే కొద్దీ బొగ్గు ఖర్చు పెరుగుతూనే పోతుందని. పని చవకైతే పనులు పెరుగుతాయి. ఇప్పుడు జరుగుతున్నదీ అదే. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలోని డేటా సెంటర్లు సుమారు 415 టెరావాట్ అవర్లు, అంటే 41,500 కోట్ల యూనిట్లు వాడాయి. 2030 నాటికి ఇది రెట్టింపు దాటుతుందని ఆ సంస్థ అంచనా. ఐర్లండునే చూడు. 2015లో ఆ దేశంలో మీటరెక్కిన కరెంటులో డేటా సెంటర్ల వాటా 5 శాతం, 2024 నాటికి 22 శాతం. అంత మంచి పీయూఈ ఉన్న గూగుల్‌కే 2019తో పోలిస్తే 2023కి కర్బన ఉద్గారాలు 48 శాతం పెరిగాయని ఆ కంపెనీ నివేదికే ఒప్పుకుంది. యంత్రాన్ని మెరుగుపరిస్తే సరిపోదమ్మా. అవసరం లేనప్పుడు ఆపే మనిషి కూడా ఉండాలి. నేను ఈ ఉత్తరం రాయడం ఆ ఒక్క మాట కోసమే.

మన పల్లెల్లో మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టడం నీకు గుర్తుండే ఉంటుంది. కరెంటు ఏ రాత్రి ఎప్పుడొస్తుందో తెలియక రైతు పెట్టుకున్నాడు, ఆయన్ని తప్పుపట్టను. కానీ కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారిగా లేచేవి, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేవి, మడి నిండినా నీళ్లు పారుతూనే ఉండేవి. మీ టెస్టింగ్ సర్వర్లు శనివారం రాత్రి కూడా నడుస్తున్నాయంటే అదీ అలాంటిదే. వారానికి 168 గంటలు. మీవాళ్లు వాటితో పనిచేసేది యాభై గంటలనుకో. మిగతా 118 గంటలు ఎవరి కోసం? పని లేని సర్వరు కరెంటు తీసుకోదనుకోకు. ఊరికే ఉన్నప్పుడు కూడా సర్వరు గరిష్ఠంగా వాడే దాంట్లో సగం దాకా తాగుతుందని గూగుల్ ఇంజినీర్లు బరోసో, హోల్జ్‌లే 2007లోనే రాశారు. తర్వాత వచ్చినవి కొంత మెరుగే అయినా, ఖాళీగా 150 వాట్లు తీసుకునేది ఒక్కటి ఉందనుకుని లెక్క వెయ్యి. ఆ 118 గంటల చొప్పున ఏడాదికి 920 యూనిట్లు. మన దేశపు గ్రిడ్‌లో యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున 640 కిలోలకు పైనే. ఇవన్నీ ఒక్క సర్వరుకు.

నువ్వు ఆపగానే అక్కడ యంత్రం ఆగదు, ఆ చోటు ఇంకొకరికి పోతుంది కదా అంటావు. నిజమే. అప్పుడు ఆ ఇంకొకరి కోసం కొత్త యంత్రం కొనే పని తప్పుతుంది. సర్వరు తయారీకి అయ్యే ఖనిజం, నీళ్లు, కరెంటు మిగులుతాయి. కాబట్టి రాత్రులూ, సెలవు రోజులూ వాటంతట అవే ఆగేలా షెడ్యూల్ పెట్టు. పాత లాగ్‌లకీ స్నాప్‌షాట్‌లకీ గడువు పెట్టు. ఎవరూ తెరవని ఫైలుకు మూడేసి కాపీలు ఎందుకు చెప్పు? చిన్న పనికి చిన్న ఏఐ మోడల్ సరిపోతుందేమో ముందు పరీక్షించు. అందరూ పెద్దది వాడుతున్నారని నువ్వూ వాడకు.

వేళ కూడా చూసుకో. మన దేశంలో ఇప్పటికీ నూటికి డెబ్బై దాకా యూనిట్లు బొగ్గువే. కానీ మధ్యాహ్నం పూట సోలార్ దండిగా ఉంటుంది, పొద్దు గుంకగానే ఆ భారమంతా థర్మల్ మీద పడుతుంది. రిపోర్టులు, బ్యాకప్‌లు, మోడల్ ట్రైనింగ్ లాంటివి ఎప్పుడు నడిపినా ఇబ్బంది ఉండదన్నావు కదా. సాయంత్రం పీక్‌లో నడపకు, మిట్టమధ్యాహ్నానికి జరుపు. గూగుల్ 2020 నుంచే ఇలా తొందర లేని పనులను శుభ్రమైన కరెంటు దొరికే వేళలకు మారుస్తోంది. పెద్ద కంపెనీ చేసిన పనే, మీ స్థాయిలో మీరూ చెయ్యొచ్చు.

క్లౌడ్ కంపెనీవాళ్లు ‘నూటికి నూరు శాతం పునరుత్పాదక విద్యుత్తు’ అని స్లైడ్ చూపిస్తే మర్యాదగానే ఒక ప్రశ్న అడుగు. అది ఏడాది మొత్తం మీద సరిపెట్టిన లెక్కా, గంట గంటకూ సరిపోయిన లెక్కా? పగలు కొన్న సోలార్ సర్టిఫికెట్‌తో రాత్రి బొగ్గు ఆగదు. గంట గంటకూ సరిపోవాలంటే మన రాష్ట్రంలోని పిన్నాపురంలో కట్టినటువంటి, నీళ్లను పైకి తోడి కావాల్సినప్పుడు వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీలు, బ్యాటరీలు, గాలి మరలు కావాలి. నీలాంటి కస్టమర్లు అడిగితేనే అవి పెరుగుతాయి.

నీళ్ల సంగతి కూడా అడుగు. పీయూఈ ఒక్కటే చూస్తే మోసపోతావు. నీటిని ఆవిరి చేసి చల్లబరిస్తే కరెంటు తగ్గుతుంది, నీళ్లు పోతాయి. అమెరికాలో ఓరెగన్ రాష్ట్రంలో ది డాల్స్ అనే చిన్న ఊరుంది. అక్కడి గూగుల్ డేటా సెంటర్లు 2021లో ఊరి నీటిలో నాలుగో వంతుకు పైగా వాడాయి. ఆ అంకె కోసం ఒక పత్రిక అడిగితే వ్యవహారం కోర్టు దాకా వెళ్లి, చివరికి 2022లో బయటికొచ్చింది. మన విశాఖ ఏలేరు, రైవాడ నీళ్ల మీద బతికే ఊరు. వేసవిలో మన వీధిలో ట్యాంకర్ కోసం బిందెలు ఎలా వరస కడతాయో నీకు నేను చెప్పాలా? డేటా సెంటర్ రావద్దని నేననను. సముద్రపు నీళ్లతోనో, వాడిన నీటిని శుద్ధి చేసో చల్లబరచమని, ఏటా ఎన్ని నీళ్లు వాడారో ఊరికి చెప్పమని అడగడం మన హక్కు.

ఇదంతా ఒక్కరోజులో అయ్యే పని కాదు. మేనేజరుతో పోట్లాడకు, టీమ్ పిల్లల మీద అరవకు. బిల్లు తగ్గుతుందని చెబితే అందరూ వింటారు. యూనిట్లు తగ్గినప్పుడు బిల్లూ తగ్గుతుంది కాబట్టి అది అబద్ధమూ కాదు. వచ్చే నెల రివ్యూలో ఎంత వేగం, ఎంత ఖర్చు అన్న వరసల కింద ‘ఈ నెల ఆపినవి ఎన్ని, మిగిలిన యూనిట్లు ఎన్ని’ అని ఇంకొక వరస చేర్చు. ఆ అంకె నాకు ఫోన్‌లో చెప్పు. చిన్నదైనా పరవాలేదు. చెప్పడం మాత్రం మానకు.

ఆశీస్సులతో,
నీ మావయ్య