ఎగిరే వీరులు, వేలెత్తి చూపేవారు: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: సూపర్‌హీరో సినిమాలో లాజిక్ లేదని కొట్టిపారేయడం ఎంతవరకు న్యాయం? (విజయవాడ)

జవాబు: లాజిక్ లేదనే ఫిర్యాదు నాలుగు రకాలుగా ఉంటుంది. నాలుగింటినీ ఒకే గాటన కట్టడం వల్లే గొడవంతా వస్తుంది.

మనిషి గాలిలో ఎగరడమేమిటి అన్నది మొదటి రకం. అది కథ మొదట్లోనే ప్రేక్షకుడితో చేసుకున్న ఒప్పందం. దాన్ని తప్పుపడితే ఆ సినిమాకు వెళ్లడమే అనవసరం.

సినిమా తాను చెప్పిన నియమాన్ని తానే మీరడం రెండో రకం. అసలు తప్పు ఇదే. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హను-మాన్’లో హీరో హనుమంతుకు శక్తినిచ్చే మణి సూర్యకాంతిలోనే పనిచేస్తుంది. కారణం చూపకుండా అదే మణి అర్ధరాత్రి పనిచేసేలా కథ నడిపి ఉంటే ప్రేక్షకుడికి కోపం రావడం సబబే.

తేలికైన ఉపాయం చేతిలో ఉండగా పాత్ర కష్టమైన దారి పట్టడం మూడోది. ‘పాతాళ భైరవి’ (1951)లో తోట రాముడి దగ్గర అడిగిందల్లా ఇచ్చే ప్రతిమ ఉంటుంది. అంతటి వస్తువు రాజుగారి బావమరిది చేతికి చిక్కేలా ఎందుకు వదిలేశాడని అడగవచ్చు. రాముడు తోటమాలి కొడుకు. కోరుకున్న రాకుమారి దక్కబోతున్న సంబరంలో ఏమరుపాటున ఉన్నాడు. మనుషులు అలాగే ఉంటారు కాబట్టి ఇది కథలో లోపం కాదు, పాత్రలో లోపం. ఆ లోపం లేకపోతే ప్రతినాయకుడైన నేపాళ మాంత్రికుడికి రెండో అవకాశం ఉండదు, సినిమా సగంలోనే ముగిసిపోతుంది.

నాలుగోది వదిలివేత. ‘ది డార్క్ నైట్ రైజెస్’ (2012)లో బ్యాట్‌మ్యాన్‌గా పోరాడే బ్రూస్ వేన్ దూరదేశంలోని పాతాళ చెరసాల నుంచి బయటపడి, దారులన్నీ మూసేసిన గోథమ్ నగరంలోకి ఎలా చేరాడో దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ చూపలేదు. చూపినా కథకు ఒరిగేదేమీ లేదు.

ప్రశ్న: హనుమంతుడి వరమంటే వెంటనే ఒప్పుకునే పెద్దలు, సాలీడు కుట్టి శక్తులు వచ్చాయంటే పెదవి విరుస్తారు. రెండూ అసంభవాలే కదా? (గుడివాడ)

జవాబు: ఈ ప్రశ్నకు వెయ్యేళ్ల కిందటే ఒక మంచి జవాబు వచ్చింది. భరతుడి నాట్యశాస్త్రానికి ‘అభినవభారతి’ అనే వ్యాఖ్య రాసిన కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు, ప్రేక్షకుడికి రసం అందకుండా అడ్డుపడే విఘ్నాలు ఏడని లెక్కగట్టాడు. వాటిలో మొట్టమొదటిది, జరుగుతున్నది జరగదగినదేనన్న నమ్మిక కుదరకపోవడం. నమ్మిక కుదరని మనసు కథలో కుదురుకోదు, ఇక రసం మాట ఎక్కడిది? దీనికి ఆయన విరుగుడు కూడా చెప్పాడు. మామూలు సంగతులైతే చూసేవారి హృదయంతో కలిసేలా ఉండాలి. లోకంలో ఎవరూ చేయలేని పనులు చూపాల్సి వస్తే రాముడి వంటి ప్రసిద్ధ నాయకుణ్ణి తీసుకోవాలి. తరతరాలుగా విన్న పేరు కాబట్టి నమ్మిక దానంతటదే వస్తుంది.

తెలుగు సినిమా ఈ కిటుకును ఎవరూ చెప్పకుండానే పట్టుకుంది. నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి.రామారావు 1980లో ‘సూపర్ మేన్’ చేసినప్పుడు హీరోకు శక్తులు వేరే గ్రహం నుంచి రాలేదు, ఆంజనేయుడి నుంచి వచ్చాయి. ‘హను-మాన్’లో దర్శకుడు ప్రశాంత్ వర్మ పట్టిందీ ఆ దారే. 2024 జూన్‌లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ యంత్రాలతో, ఎగిరే వాహనాలతో నిండిన భవిష్యత్తును చూపినా, దాని బరువంతా మోసింది భారతంలోని అశ్వత్థామే. ఆ సినిమా నిర్మించిన అశ్వనీదత్ విజయవాడవారు.

ఈ ప్రాంతంలో ఆ నమ్మిక పునాది మరీ గట్టిది. హైదరాబాదు రహదారిలో వెళ్లేవారికి పరిటాల దగ్గర 135 అడుగుల ఆంజనేయ విగ్రహం ఎదురవుతుంది. ఆంధ్ర ప్రాంతంలో తొలి శాశ్వత సినిమా హాలుగా పేరున్నది, 1921లో విజయవాడలో పోతిన శ్రీనివాసరావు కట్టించిన మారుతి సినిమా. ఆ హాలు పేరు కూడా హనుమంతుడిదే. ఇలాంటి చోట పెరిగిన మనిషికి కొండను ఎత్తే వీరుడి గురించి పరిచయ వాక్యాలు అక్కర్లేదు.

సాలీడు కథకు ఆ వారసత్వం ఇక్కడ లేదు. అమెరికాలో 1962 నుంచి స్పైడర్‌మ్యాన్ బొమ్మల కథలు చదివి పెరిగినవారికి ఉంది. కాబట్టి పెద్దలది మొండితనమని అనుకోకూడదు. స్పైడర్‌మ్యాన్‌గా మారే పీటర్ పార్కర్ పిన్నమ్మ దగ్గర పెరిగిన పిల్లవాడనీ, ఇంటి ఖర్చులకు వెతుక్కునే కుర్రవాడనీ ముందుగా రెండు ముక్కలు చెబితే చాలు, హృదయంతో కలిసే దారి దొరుకుతుంది. వెబ్ సంగతి తర్వాత చెప్పుకోవచ్చు.

ప్రశ్న: ఒక అసంభవాన్ని ఒప్పుకున్నాక ఇక ఏదైనా చెల్లుతుందా? (తెనాలి)

జవాబు: చెల్లదు. ఒక్క అసంభవాన్ని అప్పుగా తీసుకున్న కథ మిగతాదంతా నిజాయితీగా నడపాలి. ఈ విషయంలో రాజమౌళి ‘ఈగ’ (2012)ను మించిన పాఠం తెలుగులో లేదు. చనిపోయినవాడు ఈగగా పుట్టి పగ తీర్చుకుంటాడన్నది ప్రేక్షకుడు ఒప్పుకోవాల్సిన ఒకే ఒక్క సంగతి. పునర్జన్మ తెలిసిన కథే కాబట్టి అది కష్టం కాదు. అక్కడి నుంచి ఈగకు ఈగ బలమే ఉంటుంది. మాట రాదు, చేయి ఎత్తి కొట్టలేదు. నిద్ర చెడగొట్టడం, చెవి దగ్గర రొద పెట్టడం, కారు నడిపేవాడి దృష్టి మళ్లించడం వంటివే దాని ఆయుధాలు. దానికి పనిముట్లు కావాలి కాబట్టి హీరో ప్రేమించిన బిందు పాత్రను సూక్ష్మ కళాకారిణిగా ముందే పరిచయం చేశారు. ఎంత పట్టిపట్టి చూసినా కథ మాట తప్పిన చోటు కనిపించదు.

‘మాయాబజార్’ (1957)లోనూ ఇదే నిజాయితీ ఉంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం దాల్చినా అతని నడక, విసురు, మొరటుతనం పోవు. సావిత్రి ముఖంలో ఎస్వీ రంగారావు కనిపిస్తుంటాడు. రూపం మారుతుంది గానీ స్వభావం మారదన్న నియమాన్ని కె.వి.రెడ్డి చివరిదాకా వదల్లేదు. ఇక భారతం ప్రకారం చూస్తే ఆ సినిమా నిండా అభ్యంతరాలే. వ్యాసభారతంలో అభిమన్యుడి భార్య ఉత్తర. శశిరేఖ ఊసే లేదు. పాండవుల కొడుకు పెళ్లి కథలో పాండవులు ఒక్క సీనులోనూ కనిపించరు. ఈ సంగతి ఎవరైనా చెప్పేదాకా చాలామందికి తట్టదు. తట్టాక కూడా ఆ సినిమా మీద మోజు తగ్గదు, ఎందుకంటే కథ తనకు తాను అబద్ధమాడలేదు.

తెనాలికి ఈ విద్యలో వాటా ఉంది. ‘మాయాబజార్’ తీసిన విజయా సంస్థను నాగిరెడ్డితో కలిసి నడిపిన చక్రపాణి, ‘చందమామ’ను దశాబ్దాలపాటు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు ఇద్దరూ ఆ ఊరివారే. 1947లో మొదలైన ఆ పత్రికలో రాక్షసులు, మాంత్రికులు, మాట్లాడే పక్షులు ఎన్ని ఉన్నా కథ మాత్రం ఎక్కడా తడబడదు. పిల్లలు కథలోని కట్టుబాటును అక్కడే నేర్చుకున్నారు.

ప్రశ్న: ఎంపీసీ చదివే పిల్లలకు ప్రతి ఫైటులోనూ ఫిజిక్స్ తప్పులే కనిపిస్తున్నాయి. ఆ అలవాటు మాన్పించాలా? (గన్నవరం)

జవాబు: మాన్పించకూడదు. లెక్క వేయమనాలి. 1978 నాటి ‘సూపర్‌మ్యాన్’లో హెలికాప్టర్ నుంచి జారిపడిన లోయిస్ లేన్‌ను హీరో కింది నుంచి పైకి ఎగురుతూ వచ్చి పట్టుకుంటాడు. 80 మీటర్ల ఎత్తు నుంచి పడిన మనిషి, గాలి నిరోధాన్ని పక్కనపెడితే, సెకనుకు దాదాపు 40 మీటర్ల వేగం అందుకుంటాడు. అంటే గంటకు 140 కిలోమీటర్లకు పైగా. ఆ మనిషిని అర మీటరు దూరంలో ఆపేస్తే శరీరం మీద పడే రుణత్వరణం భూమ్యాకర్షణకు 160 రెట్లు. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే ఈ సంఖ్య వచ్చేస్తుంది. ఉక్కు చేతుల్లో పడినా నేల మీద పడినా ఫలితం ఒకటే. హీరో తానూ కిందికి దిగుతూ, 8 మీటర్ల పొడవునా మెల్లగా ఆపితే అది 10 రెట్లకు తగ్గుతుంది. అరసెకను లోపు కాబట్టి ఆరోగ్యవంతుడు తట్టుకోగలడు. పైకి ఎగురుతూ పట్టుకోవడం అన్నిటికన్నా ప్రమాదకరమని విద్యార్థికి అప్పుడు తనంతట తానే అర్థమవుతుంది.

ఈ లెక్కను కథకులే పట్టించుకున్న సందర్భం ఒకటుంది. 1973 జూన్ నాటి స్పైడర్‌మ్యాన్ సంచికలో, వంతెన పైనుంచి పడుతున్న ప్రియురాలు గ్వెన్ స్టేసీని స్పైడర్‌మ్యాన్ వెబ్‌తో పట్టుకుంటాడు. ఆ హఠాత్తు కుదుపే ఆమె ప్రాణం తీస్తుంది. రక్షించబోయిన చేయే కారణమైందన్న ఆ దుఃఖం భౌతికశాస్త్ర నియమం నుంచే పుట్టింది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయ ఆచార్యుడు జేమ్స్ కకాలియోస్ ఇలాంటి ఉదాహరణలతోనే పాఠం చెప్పి, 2005లో సూపర్‌హీరోల భౌతికశాస్త్రం మీద ఒక పుస్తకం రాశాడు. తప్పు పట్టుకున్న పిల్లవాడికి కాగితం, కలం ఇస్తే సినిమా రెండోసారి పనికొస్తుంది. లెక్క మాత్రం సినిమా అయ్యాకే.

ప్రశ్న: ఇంటికి వచ్చిన బావమరిది సినిమా నడుస్తుండగానే ప్రతి సీనుకూ వంక పెడతాడు. చుట్టరికం చెడకుండా ఏం చేయాలి? (బందరు)

జవాబు: బందరుకు తెలిసిన అవధాన విద్యలోనే దీనికి పద్ధతి ఉంది. అవధానాలతో పేరుపొందిన తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూల్లో తెలుగు చెప్పారు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అవధానిని ప్రశ్నలతో పరీక్షిస్తారు. వారిలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడి పనే అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడం. అడ్డదిడ్డపు ప్రశ్నలు వేస్తాడు, కొంటె సందేహాలు లేవనెత్తుతాడు. సభ అతణ్ణి వెళ్లగొట్టదు. అతను లేకపోతే అవధానం చప్పగా ఉంటుంది. అవధాని ఒక చమత్కారంతో జవాబిచ్చి, వదిలిన పద్యపాదం దగ్గరికి తిరిగి వెళ్తాడు.

బావమరిదికీ అలాంటి స్థానం ఇవ్వవచ్చు. ఇంటర్వెల్ అతనిది. సినిమా అయ్యాక దారిలో టీ దగ్గర సమయమూ అతనిదే. ఆట మొదలయ్యేముందే ఈ మాట అనుకుంటే అతనికీ చిన్నతనం ఉండదు. పట్టిన తప్పులు గుర్తుపెట్టుకుని ఒక్కసారిగా చెప్పడంలో అతనికీ సరదా ఎక్కువ, ఎందుకంటే అప్పుడు వినేవారు ఉంటారు. చీకట్లో గుసగుసగా చెప్పిన గొప్ప పరిశీలన కూడా పక్కవారికి విసుగే. ఇంట్లో చూస్తున్నట్లయితే రిమోట్ అతని చేతికి ఇవ్వకపోవడం మంచిది. ఆపి ఆపి చూసిన ఫైటు ఎంత బాగా తీసినా పండదు.

వంక పెట్టేవారిలో చాలామందికి సినిమా మీద ప్రేమ తక్కువేమీ కాదు. మోసపోకూడదన్న పట్టుదల ఎక్కువ. వారు బాగుందన్న సినిమాకు విలువ కూడా ఎక్కువే.

ప్రశ్న: తప్పులు తెలిసిన సినిమానే మళ్లీ మళ్లీ ఎందుకు చూస్తారు? (అవనిగడ్డ)

జవాబు: చూడటానికి వచ్చింది వేరేది కాబట్టి. డెల్టా పల్లెల్లో రాయబారం నాటకం ఆడితే, సభలో కృష్ణుడు పద్యం ఎత్తుకుని రాగం తీయగానే వన్స్ మోర్ అని కేకలు వచ్చేవి. నటుడు కథ ఆపి అదే పద్యం మళ్లీ పాడేవాడు. దుర్యోధనుడు ఓపిగ్గా నిలబడి రెండోసారీ అదే మాట వినేవాడు. ఇదేం లాజిక్ అని ఎవరూ అనలేదు. రాయబారం విఫలమవుతుందని అందరికీ ముందే తెలుసు; వచ్చింది ఆ పద్యం కోసం.

సినిమాల్లోనూ అంతే. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 1990 మే 9న విడుదలైంది. ఆ రోజే బందరుకు నైరుతి దిక్కున, కృష్ణా నది సముద్రంలో కలిసే చోటుకు దగ్గరగా పెనుతుఫాను తీరం దాటింది. అయినా సినిమా నిలబడి ఆడింది. ఇంద్రుడి కూతురు పోయిన ఉంగరానికి బదులు తండ్రి దగ్గర ఇంకొకటి ఎందుకు అడగలేదని ఆనాటి ప్రేక్షకులు తర్కించుకుంటూ కూర్చోలేదు. చిరంజీవి, శ్రీదేవి, ఇళయరాజా పాటలు వారికి చాలినంత ఇచ్చాయి. ఇవ్వాల్సింది ఇచ్చిన సినిమా చిన్న తప్పులను తట్టుకుంటుంది. ఇవ్వనప్పుడే ప్రేక్షకుడి కన్ను తప్పుల వైపు మళ్లుతుంది. అందుకే సినిమా నడుస్తుండగా హాలంతా లోపాలు లెక్కపెడుతోందంటే, ఆ సినిమాకు అసలు జబ్బు లాజిక్‌లో లేదనుకోవాలి. చాలాసార్లు అది పాత్రల మీద మమకారం కలగకపోవడం.

ప్రశ్న: కాలప్రయాణం కథల్లో చిక్కుముడులు విప్పుకోవడం ఎలా? (ఉయ్యూరు)

జవాబు: పూర్తిగా విప్పడం తీసినవారి వల్లే కాలేదు. ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ (2019) చివర గతంలోనే ఉండిపోయిన కెప్టెన్ అమెరికా ఏ కాలరేఖలో బతికాడన్న దానికి దర్శకులు ఒక వివరణ ఇస్తే, రచయితలు మరొకటి ఇచ్చారు. ‘ఆదిత్య 369’ (1991)లో సింగీతం శ్రీనివాసరావు యంత్రం వివరాల జోలికి ఎక్కువగా పోకుండా 1526 నాటి కృష్ణదేవరాయల కొలువును కళ్లకు కట్టారు. ఆ తేదీ రాయల పాలనాకాలం 1509–1529కి సరిపోతుంది కూడా. చరిత్ర సరిగా ఉంటే యంత్రాన్ని నమ్మడం తేలిక.

ప్రశ్న: ఇంట్లో పెద్దలూ పిల్లలూ కలిసి చూడాలంటే ఏ వరసలో చూస్తే మేలు? (నూజివీడు)

జవాబు: ‘పాతాళ భైరవి’తో మొదలుపెట్టవచ్చు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథల’ వాసన ఉన్న కథ కాబట్టి పెద్దలకు వెంటనే పడుతుంది. మాంత్రికుడు పిల్లలకు నచ్చుతాడు. తర్వాత ‘ఈగ’, ఆ పైన ‘హను-మాన్’. ఈ మూడు అయ్యాక 1978 ‘సూపర్‌మ్యాన్’ పెడితే ఎగిరే మనిషి పెద్దలకు కొత్తవాడిగా అనిపించడు. అంతకుముందు వచ్చిన 21 సినిమాల కథ తెలిస్తేగానీ అర్థంకాని ‘ఎండ్‌గేమ్’ను మాత్రం మొదట పెట్టకూడదు. అందులో పెద్దలు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడానికి పిల్లలకు ఒక సాయంత్రం చాలదు.