జూలో పిల్లలు జంతువును గాయపరిస్తే?

ప్రశ్న: మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. స్కూలు వాళ్లు నాగపూర్ గోరెవాడ జూకు తీసుకెళ్తున్నారు. పిల్లలెవరైనా రాయి విసిరి జంతువును గాయపరిస్తే బాధ్యత ఎవరిది?
- ఒక తల్లి, భద్రావతి (చంద్రపూర్ జిల్లా)

జవాబు: 2008 అక్టోబరులో ఆస్ట్రేలియాలోని ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఏడేళ్ల బాలుడు సరీసృపాల కేంద్రంలోకి చొరబడి 13 ప్రాణులను చంపాడు. కొన్నింటిని మొసలికి వేశాడు. పదేళ్లలోపు వాడు కనుక అక్కడి చట్టం ప్రకారం కేసు పెట్టలేకపోయారు.

మన జూలలో జంతువులను వేధించడాన్ని, గాయపరచడాన్ని, వాటికి తిండి పెట్టడాన్ని కూడా వన్యప్రాణి సంరక్షణ చట్టం 38జె సెక్షన్ నిషేధిస్తుంది. అయితే భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదు. ఏడు దాటి పన్నెండేళ్లలోపు వారికి చేస్తున్నదేమిటో తెలిసే పరిణతి ఉందా అని చూస్తారు. కేసంటూ నడిస్తే అది జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకే వెళ్తుంది. కౌన్సెలింగ్‌కు ఆదేశించడమే కాదు, తల్లిదండ్రులు జరిమానా కట్టాలని కూడా బోర్డు చెప్పవచ్చు.

నష్టపరిహారం సంగతి వేరు. కన్నవారన్న ఒక్క కారణంతో బాధ్యత పడదు. వారి నిర్లక్ష్యం రుజువు కావాలి. విహారయాత్రలో పర్యవేక్షణ స్కూలుది. కంచె, కాపలా జూవి.

బయల్దేరే ముందే, ఎంతమంది టీచర్లు వెంట ఉంటారో స్కూలును అడగండి.